పాలు ఎక్కడివని ఒక్కసారి అడగండి

విశాఖపట్నం జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారులకు, జిల్లా క్షయ నియంత్రణ విభాగానికి, మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ప్రజారోగ్య విభాగానికి నమస్కారం.

ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే సగం విషయం ఒకరికి, సగం ఇంకొకరికి చేరుతుంది. నేను చెప్పబోయే జబ్బు, పశువుల నుంచి మనుషులకి వచ్చే క్షయ, అదే టీబీ, కూడా అలాంటిదే, సగం పశువుల శాలలో ఉంటుంది, సగం ఇంట్లో ఉంటుంది. శాలకి వచ్చే డాక్టరు ఇంట్లోకి చూడరు, ఇంట్లో మనిషికి మందులిచ్చే డాక్టరు శాల వైపు చూడరు. ఆ రెండింటి మధ్య మా అమ్మ రోజుకి పదిసార్లు తిరుగుతుంది, అదే చేతులతో, అదే చెంబుతో.

మాది అడవివరం దగ్గర, సింహాచలం కొండ కింద. నాన్నకి ఆరు పశువులు, నాలుగు జెర్సీ సంకరం ఆవులు, రెండు గేదెలు. తెల్లవారుజామున నాలుగున్నరకి పాలు పితకడం మొదలవుతుంది, ఆరు దాటేసరికి నేను బండికి క్యాన్లు కట్టుకుని గోపాలపట్నం వైపు బయల్దేరతాను, ఎనిమిదిన్నరకి డ్యూటీకి వెళ్ళిపోతాను. పదిహేనేళ్ళుగా ఇదే పని. పాల మీద బతికిన ఇంట్లోంచి రాస్తున్నాను కాబట్టి పాలవాళ్ళ మీద నేరం మోపడానికి రాశానని దయచేసి అనుకోవద్దు.

మా చెల్లి కొడుకు మా దగ్గరే ఉంటాడు, ఏడేళ్ళు. వాడికి గుమ్మపాలంటే ప్రాణం. అమ్మ పొదుగు దగ్గర కూర్చోగానే వాడు స్టీలు గ్లాసు పట్టుకుని పక్కన చేరతాడు, నురగ గ్లాసు అంచు దాటే వరకు అమ్మ నేరుగా అందులోకే పితుకుతుంది, వాడు మూతికి తెల్ల మీసంతో నవ్వుతాడు. మేమూ అలాగే పెరిగాం. గుమ్మపాలు తాగితే ఒంటికి బలం అని మా తాత చెప్పేవాడు, మా చుట్టుపక్కల పశువులున్న ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట వినిపిస్తుంది.

పోయిన వానాకాలంలో వాడికి దవడ కింద ఒక బిళ్ళ కనిపించింది. గవదబిళ్ళలు అనుకుని అమ్మ పసుపు పట్టు వేసింది. తగ్గలేదు. తెలిసిన డాక్టరు ఐదు రోజులకి యాంటీబయోటిక్ రాశారు. తగ్గలేదు సరికదా దాని పక్కనే ఇంకొకటి లేచింది, నొప్పి లేదు, ఎరుపు లేదు, వేలితో ముట్టుకుంటే చింతగింజలా గట్టిగా తగిలేది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది, అన్నం సగంలో వదిలేసేవాడు. రెండు నెలలు ఇలాగే తిరిగాక ఒక ఆసుపత్రిలో సూదితో నమూనా తీసి, గ్లాండ్స్ టీబీ అన్నారు. అక్కడి వాళ్ళు మంచివాళ్ళే, ఓపిగ్గా మాట్లాడారు. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా అని అడిగారు. లేదన్నాం. ఇంటిల్లిపాదికీ ఎక్స్‌రేలు తీశారు, అందరివీ శుభ్రంగా ఉన్నాయి. ఇరుగుపొరుగున ఎవరికైనా ఉందా, బడిలో ఎవరికైనా ఉందా అని అడిగారు. అడిగిన ప్రశ్నలన్నీ మనుషుల గురించే. పిల్లాడు ఏ పాలు తాగుతాడు, ఇంట్లో పశువులున్నాయా అని మాత్రం అక్కడ ఎవరూ అడగలేదు. మాకు చెప్పాలని తోచలేదు, తోచేంత తెలివిడి మాకూ లేదు.

అప్పటికి మా శాలలో లక్ష్మి అనే ఆవు మూడు నెలలుగా చిక్కిపోతోంది. మేత మానలేదు, కుడితి మానలేదు, అయినా డొక్కలు తేలాయి. పొద్దున్నే లేపినప్పుడు, లేదా తొందరగా నడిపించినప్పుడు పొడిగా, చిన్నగా ఒక దగ్గు దగ్గేది. "చలికేమో బాబూ" అనేది అమ్మ. పూటకి ఐదు లీటర్లు ఇచ్చేది రెండుకి పడిపోయింది. నాన్నకి తెలిసిన ఒక రిటైర్డు పశువుల డాక్టరు గారు వేరే పని మీద అటు వచ్చి, ఆ దగ్గు విని ఆగిపోయారు. పిల్లాడి మెడకి కట్టిన గుడ్డ చూసి, వీడికేమైందని అడిగింది కూడా ఆయనే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన మొదటి మనిషి ఆయన.

లక్ష్మికి టీబీ ఉందేమో చూడాలని ఆయన పరీక్ష చేశారు, అది ఎలా చేస్తారో నేను దగ్గరుండి చూశాను, మోకు నేనే పట్టుకున్నాను. మెడ పక్కన అగ్గిపెట్టంత మేర బొచ్చు గీసేశారు. చర్మాన్ని మడిచి కొలిచే పరికరంతో మందం కొలిచి కాగితం మీద రాసుకున్నారు, 7 మిల్లీమీటర్లు. చర్మం పొరలోకే, చిన్న సూదితో ట్యూబర్క్యులిన్ అనే పరీక్ష మందు ఎక్కించారు. బఠాణీ గింజంత బుడిపె లేచింది. మళ్ళీ 72 గంటలకి వచ్చి అదే చోట కొలవాలి, నాలుగు మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో లావెక్కితే ఉన్నట్టే లెక్క అన్నారు. మూడో రోజు ఆయన కొలవక్కర్లేకుండానే మాకు అర్థమైంది, మెడ మీద నిమ్మకాయంత వాపు, ముట్టుకుంటే లక్ష్మి తల విదిలించింది. కొలత 15. మిగతా ఐదింటికీ చేయించాం, ఇంకొక ఆవుకి కూడా తేలింది. ఆ రెండోది చూడ్డానికి నిగనిగలాడుతోంది, దగ్గు లేదు, పాలు తగ్గలేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. కంటితో చూసి చెప్పగలిగే జబ్బు కాదిది.

ఇప్పుడు నాకు తెలిసిన సంగతులు కొన్ని రాస్తాను. మీకు తెలియవని కాదు, ఈ ఉత్తరం చదివే నాలాంటి వాళ్ళకి తెలియాలని.

పశువుల్లో టీబీ తెచ్చే క్రిమి పేరు మైకోబ్యాక్టీరియం బోవిస్. మనుషుల టీబీ క్రిమికి సొంత తమ్ముడి లాంటిది. మన వైపు దేశాల్లో ఒరిగిస్ అనే ఇంకో రకం కూడా ఉంది, వెల్లూరులో రోగుల నమూనాల మీద చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో అది మనుషుల్లో కనిపించింది. పశువు నుంచి పశువుకి ఎక్కువగా ఊపిరి ద్వారానే పాకుతుంది, అందుకే గాలి ఆడని శాలలో దగ్గర దగ్గరగా కట్టేసిన చోట, సంకరజాతి పశువుల్లో ఎక్కువ. మనిషికి రెండు దారులు. ఒకటి కాచని పాలు, రెండోది జబ్బు పశువు పక్కన రోజూ పీల్చే గాలి. పాలతో లోపలికి పోయినప్పుడు అది ఊపిరితిత్తుల్లో కాకుండా మెడ బిళ్ళల్లోనో పేగుల్లోనో కూర్చుంటుంది, పిల్లల్లో మరీను. దగ్గు లేని టీబీ అన్నమాట. దగ్గు ఉందా, కఫం పడుతుందా అని మాత్రమే వెతికితే ఇది చేతికి చిక్కదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2016లో పశువుల నుంచి వచ్చిన టీబీ కొత్తగా 1,47,000 మందికి సోకింది, దాదాపు 12,500 మంది చనిపోయారు. మన దేశంలో అప్పటివరకూ జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2018లో లెక్కగడితే పశువుల్లో నూటికి ఏడు పైన, 7.3 శాతం, అంటే సుమారు 2 కోట్ల 18 లక్షల పశువులకి ఉండొచ్చని తేలింది. ఇదీ అంచనాయే. అంచనాలతోనే ఆగిపోయాం, ఎందుకంటే శాల శాలకీ తిరిగి పరీక్ష చేసే పద్ధతి మనకి లేదు. 2019లో కేంద్రం పశువుల రోగాల మీద 13 వేల కోట్ల పైచిలుకుతో పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది, అది గాలికుంటుకీ, బ్రుసెల్లోసిస్ అనే ఇంకో పశువుల జబ్బుకీ. మంచిదే, మా పశువులకీ గాలికుంటు టీకాలు వేశారు. టీబీ మాత్రం అందులో లేదు. ఇటు మనుషుల వైపు చూస్తే, 2025 కల్లా టీబీని తరిమేస్తామని దేశం మాట ఇచ్చింది, రోగులకి పోషకాహారం కోసం నెలకి ఇచ్చే 500 రూపాయల్ని 1,000 చేశారు. ఆ డబ్బు మా పిల్లాడికీ అందింది, కాదనను. ఆ డబ్బుతో మా అమ్మ ఏం పట్టించిందో ఊహించండి. బలానికి ఇంకో గ్లాసు గుమ్మపాలు.

దీన్ని పట్టించుకోకపోవడం మన దగ్గరే మొదలవలేదు. 1882లో టీబీ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ అంతటివాడే, 1901లో లండన్ సభలో, పశువుల టీబీతో మనిషికి పెద్ద ప్రమాదం లేదన్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి బ్రిటన్ ఒక కమిషన్ వేస్తే, అది పదేళ్ళు పనిచేసి 1911లో, ప్రమాదం ఉంది, పిల్లలకి పాల ద్వారా వస్తోంది అని తేల్చింది. ఇంకో సంగతి, మన భుజం మీద మచ్చ ఉంటుందే, బీసీజీ, ఆ టీకా తయారైంది ఈ పశువుల క్రిమి నుంచే. కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు 13 ఏళ్ళు దాన్ని పెంచి పెంచి కోరలు పీకారు, 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకి ఇచ్చారు. ఆ క్రిమి పేరు మీద ఇన్ని కోట్ల పిల్లలకి టీకా వేస్తున్నాం, ఆ క్రిమి మన శాలలో ఉందో లేదో మాత్రం చూడం.

మందుల విషయం ఇంకా ముఖ్యం. మామూలు టీబీకి మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందుల్లో పైరజినమైడ్ ఒకటి. బోవిస్ క్రిమి మీద అది పనిచేయదు, మందు సరిగ్గా వాడక మొండికేయడం కాదు, దాని పుట్టుకే అంత. కాబట్టి ఏ క్రిమో తెలిస్తే డాక్టరు మందులూ, ఎన్నాళ్ళు వాడాలో కూడా మార్చుకోవచ్చు. కానీ మన దగ్గర ట్రూనాట్, సీబీనాట్ మిషన్లు టీబీ ఉందా లేదా, రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేస్తుందా లేదా అని చెప్తాయి తప్ప, అన్న క్రిమో తమ్ముడి క్రిమో విడదీసి చెప్పవు. మా పిల్లాడికి కోర్సు పొడిగించారు, ఇప్పుడు బాగున్నాడు, బిళ్ళలు కరిగాయి, బరువు పెరిగాడు. వాడికి వచ్చింది లక్ష్మి నుంచేనా అంటే నేను చెప్పలేను. ఎవరూ చూడలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు. మనిషి నుంచి ఆవుకి కూడా టీబీ పోతుంది, ఆ సంగతీ మర్చిపోకూడదు, కాబట్టి ఆవునే దోషిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

లక్ష్మి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడుంది.

పరీక్షలో తేలాక ఏం చేయాలని డాక్టరు గారిని అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అమెరికాలో 1917 నుంచీ ఇలాంటి పశువుల్ని ఏరేసి, యజమానికి పరిహారం ఇచ్చి జబ్బుని దాదాపు తుడిచిపెట్టారట. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం, మాకూ ఆ ఆలోచన లేదు, మేం పెంచిన ఆవు అది. మందులిచ్చి నయం చేయొచ్చా అంటే నెలల తరబడి వాడాలి, ఖర్చు, పైగా మనుషుల మందులకి లొంగని క్రిములు తయారయ్యే ప్రమాదం, ఎవరూ ఆ సలహా ఇవ్వరు. ఈలోగా వాసన పట్టినట్టు బేరగాడు వచ్చాడు. "నాకిచ్చేయండి మావయ్యా, సంతకి తోలేస్తాను, ఎవరికి తెలుస్తాది" అన్నాడు, పద్దెనిమిది వేలు చేతిలో పెట్టబోయాడు. ఆ నెల మాకు ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. నాన్న తీసుకోలేదు. "ఇంకో ఇంట్లో గుంటడు తాగుతాడ్రా" అన్నాడంతే.

కానీ సార్, మేడమ్, ప్రతి ఇంట్లో నాన్న తీసుకోకుండా ఉంటాడని లెక్కేసి ఊరి ఆరోగ్యాన్ని నడపలేం కదా. అప్పు తీర్చాల్సిన మనిషి ఆ డబ్బు తీసుకుంటాడు, నేను అతన్ని తప్పుపట్టలేను. పరీక్ష చేయించుకుంటే నష్టం, చేయించుకోకపోతే లాభం అన్నట్టు ఉన్నంత కాలం ఏ పశువుల కాపరీ తనంతట తాను పరీక్షకి ముందుకు రాడు.

రెండు ఆవుల్నీ పెరట్లో రేకుల పాక వేసి విడిగా కట్టాం, వేరే తొట్టి, వేరే బకెట్టు. ఆ పాలు రోజూ గోతిలో పోసి సున్నం చల్లేవాళ్ళం. అమ్మ ముఖానికి గుడ్డ కట్టుకుని వెళ్ళేది, లక్ష్మి గుర్తుపట్టక మొదట్లో బెదిరేది. నాలుగు నెలలకి లక్ష్మి పోయింది. లోతుగా గొయ్యి తీసి, ఉప్పు, సున్నం వేసి పూడ్చాం. రెండోది ఇంకా ఆ పాకలోనే ఉంది, నిగనిగలాడుతూ, పాలిస్తూ. దాన్ని ఏం చేయాలో ఈరోజుకీ మాకు ఎవరూ చెప్పలేదు.

అందుకని అడుగుతున్నాను. టీబీ విభాగం వాళ్ళని ముందు ఒక్కటే, కొత్త రోగి పేరు రాసుకునేటప్పుడు ఇంట్లో పశువులున్నాయా, పచ్చిపాలు తాగుతారా అని అడిగి రాసుకోండి. ఒక గడి, అర నిమిషం పని, రూపాయి ఖర్చు లేదు. మెడ బిళ్ళలు, కడుపు టీబీ అని తేలినవాళ్ళలో అవునన్న వాళ్ళ నమూనా ఏ క్రిమో తేల్చగల ల్యాబుకి పంపండి. అలాంటివాళ్ళు జిల్లా మొత్తం మీద మరీ ఎక్కువమంది ఉండరు. ఆ ఇంటి చిరునామా పశువుల డాక్టరుకి చేరాలి, ఆయన వెళ్ళి ఆ శాలలో పరీక్ష చేయాలి. అలాగే ఎదురు దారి, ఒక పశువుకి తేలితే ఆ ఇంట్లో పాలు పితికేవాళ్ళకీ, పేడ ఎత్తేవాళ్ళకీ, పిల్లలకీ టీబీ పరీక్ష జరగాలి. రెండు శాఖల మధ్య వారానికి ఒక ఫోను, ఒక రిజిస్టరు చాలు. పశువుల అంబులెన్సుకి 1962 నంబరు మా అమ్మకే నోటికి వచ్చు, అంత బాగా జనంలోకి వెళ్ళిన ఏర్పాటు మనకి ఉంది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, చదువుకునే పిల్లలున్నారు, వాళ్ళ చేత పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం, మధురవాడ వైపు శాలల్లో పరీక్షలు చేయిస్తే వాళ్ళకి పని నేర్చుకున్నట్టూ ఉంటుంది, మనకి మన ఊరి లెక్క తెలిసినట్టూ ఉంటుంది.

పశుసంవర్ధక శాఖ వాళ్ళని అడిగేది కొంచెం ఖర్చుతో కూడినది. పరీక్ష ఉచితంగా చేయండి. తేలిన పశువుని అమ్మకుండా విడిగా ఉంచినందుకు యజమానికి నెలనెలా మేత ఖర్చయినా ఇవ్వండి, లేదా అలాంటి పశువుల్ని మాత్రమే ఉంచే చోటు ఒకటి ఊరికి దూరంగా చూపించండి. మామూలు గోశాలకి పంపేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోవద్దు, అక్కడ వందల పశువులు ఒకచోట ఉంటాయి. ఆ మాటకొస్తే సింహాద్రి అప్పన్నకి మొక్కుకుని భక్తులు ఇచ్చే కోడెదూడలు ఎన్ని ఊళ్ళ నుంచి వస్తాయో కొండ కింద పుట్టినవాణ్ణి నాకు తెలుసు. వచ్చిన దూడని మంద‌లో కలిపే ముందు కొన్నాళ్ళు విడిగా ఉంచి పరీక్ష చేస్తే దేవుడి సొమ్ముని కాపాడినట్టే. దూడలకి బీసీజీ వేసే మాట కూడా ఉంది, 2024లో ఇథియోపియాలో చేసిన ప్రయోగంలో వ్యాప్తి బాగా తగ్గిందని వచ్చింది. టీకా వేస్తే ఇప్పుడున్న చర్మ పరీక్ష తికమకపడుతుంది, టీకా వేసిన పశువునీ జబ్బు ఉన్న పశువునీ విడదీసి చెప్పే కొత్త పరీక్ష కావాలి. అది మీరూ శాస్త్రవేత్తలూ తేల్చాల్సిన సంగతి, నేను దాని జోలికి వెళ్ళను.

ఇక జీవీఎంసీ. పాల గురించి భయం పుట్టించకుండా నిజం చెప్పే పని మీది. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవి, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేస్తే ఈ క్రిమి చస్తుంది. ఇంట్లో పొంగు వచ్చేదాకా కాస్తే అంతకన్నా ఎక్కువే. మన ఇళ్ళల్లో పాలు కాచి తోడు వేసే అలవాటు మనల్ని ఇన్నాళ్ళూ చాలావరకు కాపాడింది, టీ కొట్లో మరిగిన పాలకీ భయం లేదు. మిగిలింది గుమ్మపాలు, పూజల్లో పంచామృతంలో కలిపే పచ్చిపాలు, అంతే. మా ఇంట్లో ఇప్పుడు కాచి చల్లార్చిన పాలతోనే పంచామృతం కలుపుతున్నాం. వార్డుల్లో తిరిగే ఆశా కార్యకర్తలూ, ఏఎన్‌ఎమ్‌లూ పశువులున్న ఇళ్ళకి వెళ్ళి ఈ రెండు మాటలు చెప్తే చాలు. దయచేసి దీన్ని సాకుగా చేసుకుని శాలలు ఎత్తేయించొద్దు. భయపడితే జనం దాచేస్తారు, దాచిన పశువు సంతలో తేలుతుంది.

మా పిల్లాడు ఇప్పటికీ పొద్దున్నే గ్లాసు పట్టుకుని పొదుగు దగ్గరకి వస్తాడు. అమ్మ వాణ్ణి పొయ్యి దగ్గరకి పంపిస్తుంది, పొంగు రానీ, నేనే పోస్తానంటుంది. వాడు అలుగుతాడు.

మీలో ఎవరైనా వస్తానంటే మా శాలతోనే మొదలుపెట్టండి. నాలుగు పశువులు ఇటు, ఒకటి పెరటి పాకలో. ఆరు లోపు వస్తే నేను ఇంట్లోనే ఉంటాను, మోకు పట్టుకుంటాను. మూడో రోజు మళ్ళీ కొలవడానికి రావాలి కాబట్టి సోమవారం వస్తే గురువారం అవుతుంది, ఆ రోజు డ్యూటీకి సెలవు పెడతాను.

అడవివరం నుంచి,
ఒక పాలవాళ్ళ ఇంటి మనిషి